వినడానికి వచ్చిన మనిషి

పళ్ళసెట్టు తీసి డబ్బాలో వెయ్యమంది నర్సు. వేశాడు. కళ్ళజోడు తియ్యమంది. తీసి భార్య చేతికిచ్చాడు. ఉంగరం రానని మొరాయిస్తే సబ్బు రాసి నర్సే లాగింది, వెనకవైపు ముడులుండే ఆకుపచ్చ గౌను తొడిగింది, ఛాతీ మీద చల్లటి బిళ్ళలు అంటించి వాటి తీగల్ని తలపక్కనున్న పెట్టెకి తగిలించింది, "ఇంకో గంటలో తీసుకెళ్తాం తాతగారూ, అందాకా ఏమీ ఆలోచించకుండా పడుకోండి" అని పరదా లాగేసి వెళ్ళిపోయింది. ఏమీ ఆలోచించకుండా ఎలా పడుకోవాలో ఆ పిల్లకి తెలిసుంటే కాస్త నేర్పి పోవాల్సింది. పళ్ళు లేని నోట్లో నాలుక ఖాళీ ఇంట్లో తిరుగుతున్నట్టు అటూ ఇటూ తిరిగింది. ఇన్నేళ్ళూ ఆ నోటికి కాపలా కాసినవి ఆ రెండు వరుసలేనేమో, ఇప్పుడు ఏ మాటైనా ఎటునుంచైనా జారిపోతుందేమో అనిపించి ఆయన పెదాలు గట్టిగా బిగించాడు. మంచానికి ఎడమపక్క భార్య ఉంది, కళ్ళజోడు లేకపోవడంతో ఒక పసుపురంగు మసకలా. కుడిపక్క స్టూలు మీద ఆఫీసు మనిషి ఉన్నాడు, ఇంకో బూడిదరంగు మసకలా. తన గుండె కవాటం ఒకటి సరిగ్గా మూసుకోవడం లేదని, దాన్ని కోసి కొత్తది పెట్టాలని డాక్టరు చెప్పినప్పుడు ఆయనకి చావు భయం పెద్దగా కలగలేదు. మత్తుమందు ఇస్తారన్నప్పుడు మాత్రం గుండె గుభేలుమంది.

ఆఫీసు మనిషి వచ్చింది పలకరించడానికి కాదు, వినడానికి. ఆపరేషన్ గదిలోకి కూడా వస్తాడు, గౌను తొడుక్కుని ఓ మూల నిలబడతాడు, మత్తు ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ ముసలాయన ఏం వాగుతాడో విని పైవాళ్ళకి చెప్తాడు. రహస్యాల గదిలో పనిచేసినవాళ్ళకి మత్తు ఇవ్వాల్సి వస్తే ముందుగా ఆఫీసుకి తెలియజెయ్యాలని ఎప్పటిదో ఒక నియమం ఉంది. అది ఆఫీసులో ఎవరికీ గుర్తు లేదు, ఈయనకి తప్ప. నోరు మూసుకుని ఆపరేషన్ చేయించుకుని ఇంటికి పోయినా అడిగేవాడు లేడు. కానీ ఈయన ఆయాసపడుతూ బస్సెక్కి, పాత ఆఫీసు మెట్లెక్కి, ఫలానా రోజున నాకు మత్తు ఇస్తారండీ అని స్వయంగా విన్నవించుకుని వచ్చాడు. అక్కడి కుర్ర అధికారి ముందు ఈయన్ని పిచ్చివాడనుకున్నాడు, తర్వాత బీరువాలన్నీ వెతికించి ఆ నియమం నిజంగానే ఉందని తేలాక బెంబేలెత్తి ఈ మనిషిని పంపాడు. కొట్టమని బెత్తం తెచ్చి చేతికిచ్చే పిల్లవాడిలా ఈయన తనమీదికి తనే తెచ్చుకున్నాడు. ఆ గదిలో పనిచేసిన వాళ్ళంతా ఇంతే, ఎవరూ కాపలా కాయనక్కర్లేదు, వాళ్ళకి వాళ్ళే కాపలా. భార్య మాత్రం, "చూశారా, రిటైరై ఇన్నేళ్ళయినా మీకోసం ఆఫీసు నుంచి మనిషొచ్చాడు, ఈ రోజుల్లో ఎవరొస్తారు చెప్పండి" అని పొంగిపోయి అతనికి అరటిపండు ఒలిచి మరీ పెట్టింది. అతను తినలేక తినలేక తిన్నాడు. తినేటప్పుడు ముసలాయన వైపు చూడలేదు. మంచివాడే, పాపం. మంచివాళ్ళనే పంపుతారు ఇలాంటి పనులకి.

నిన్న పక్క మంచం దర్జీకి మత్తు దిగడం చూశాక ఆయనకి ఉన్న కాస్త ధైర్యమూ పోయింది. దర్జీ కళ్ళు తెరవకుండానే, వయసులో ఉన్నప్పుడు తాను మనసుపడ్డ పిల్ల గౌను కొలతలు, నడుము ఇంత, భుజం ఇంత, పొడవు ఇంత అని అంకెలతో సహా గడగడా అప్పజెప్పాడు. పక్కనే కూర్చున్న దర్జీ భార్య మొదట పగలబడి నవ్వింది. తర్వాత వేళ్ళ మీద ఏదో లెక్క వేసుకుని, సాయంత్రం దాకా మొగుడి నోట్లో చెంచాడు నీళ్ళు పొయ్యలేదు. వార్డంతా నవ్వుకున్నారు, ఈయన తప్ప. కొలతలు మరిచిపోని దర్జీ ఉన్నప్పుడు అంకెలు మరిచిపోని గుమాస్తా ఉండడా? ఆయన జీవితమంతా అంకెలే. అయిదేసి అంకెల గుంపులు వచ్చేవి, ఆయన వాటిని మాటలు చేసేవాడు. మాటలు వచ్చేవి, అంకెలు చేసి పంపేవాడు. చేరిన రోజున ఒక అధికారి నిలబెట్టి చట్టం చదివి వినిపించాడు. ఇక్కడ విన్నది, చూసినది, చదివినది ఎవరికీ చెప్పకూడదు, కన్నతల్లికైనా, కట్టుకున్న భార్యకైనా, ఉద్యోగంలో ఉన్నా, వదిలేసినా, చచ్చేదాకా. చెప్పినవాడికి జైలు. తెలిసి విన్నవాడికీ జైలే. ఆ చివరి ముక్క దగ్గర అధికారి ఆగి, "అంటే మీ ఆవిడకి చెప్తే ఆవిణ్ణి కూడా మీరే లోపలికి పంపినట్టు, అర్థమైందా" అన్నాడు. అప్పటికి ఇంకా పెళ్ళే కాలేదు. అయినా తల ఊపాడు.

పెట్టె టిక్కు టిక్కుమంటోంది. మిగతావాళ్ళకి అది ఉత్త చప్పుడు. చుక్కలూ గీతలూ కలిసిన తంతి భాష వచ్చినవాడికి ఈ లోకంలో ఉత్త చప్పుడంటూ ఉండదు, కారే కుళాయి, ఊగే కిటికీ తలుపు, నర్సు బల్ల మీద కొట్టే పెన్ను, అన్నీ ఏదో ఒకటి అంటూనే ఉంటాయి, చాలావరకు అర్థం లేని కూతలే అయినా. తన గుండె మరీ అధ్వాన్నం. రెండు సరిగ్గా కొట్టి మూడోదాన్ని సాగదీస్తోంది. అలా చివరి గీతని సాగదీసేవాడు ఒకడుండేవాడు. భార్య తమ్ముడు, చిన్నోడు. భోజనాల బల్ల దగ్గర కూర్చుని చెంచాతో కంచం అంచు మీద కొడుతూ ఈయన దగ్గరే నేర్చుకున్నాడు ఆ భాష. "ఆ ఆఖరిది సాగదియ్యకురా, వినేవాడికి వేరే అక్షరం అనిపిస్తుంది" అని ఎన్నిసార్లు చెప్పినా, "నా చెయ్యంతే బావా, తెలిసినవాడికి తెలుస్తుందిలే నేనని" అనేవాడు. పెద్ద వాగుడుకాయ. ఇంట్లో ఎవరేం అడిగినా బావ నీళ్ళు నమలడం చూసి తాళంకప్ప బావ అని పేరు పెట్టాడు. "అక్కా, నీకు మొగుణ్ణి తెమ్మంటే నాన్న తాళంకప్పని తెచ్చాడే, తాళంచెవి ఎక్కడ పారేశాడో" అనేవాడు. ఆవిడ నవ్వీ నవ్వీ కంట్లో నీళ్ళు తెచ్చుకునేది. అక్కా తమ్ముళ్ళు ఇద్దరూ చేరి ఈయన్ని ఆట పట్టించేవారు, ఈయనా పైకి విసుక్కుని లోపల మురిసిపోయేవాడు. వాడు నేర్చుకున్నాక, వైర్‌లెస్ ఉద్యోగానికి వాడి పేరు చెప్పింది ఈయనే. మా బావమరిదండీ, చెయ్యి చురుకైనది అని. గస్తీ పడవలో వైర్‌లెస్ మనిషిగా తీసుకున్నారు. ఇంట్లో అందరికీ సంతోషమే. పడవ కదా, కాల్పులకి దూరంగా ఉంటాడు, బతికిపోతాడు అన్నారు అత్తగారు.

టిక్, టిక్, టీక్. వద్దు, అటు పోవద్దు, కవాటం గురించి ఆలోచించు, డాక్టరు చూపించిన బొమ్మ గురించి ఆలోచించు, గుండె నాలుగు గదులు, తలుపులు తెరుచుకుంటాయి, మూసుకుంటాయి. కానీ గది అనగానే ఆ గదే వస్తుంది. కిటికీలు లేవు. గోడకి మందపాటి గోనె లాంటి గుడ్డ, చప్పుడు బయటికి పోకుండా. చెవులకి పెట్టుకునే ఇయర్‌ఫోన్ల తోలు చెమటకి ఎప్పుడూ తడిగా ఉండేది. యుద్ధం రెండో వారం. పొద్దున్న అంకెలు వచ్చాయి, ఆయన విప్పాడు. మందుపాతరకి తగిలాం, ముందు భాగం మునిగింది, సగంమంది బతికున్నాం, సాయం పంపండి. ఆ సముద్రంలో శత్రువు మందుపాతరలు లేవు. అవి మనవాళ్ళు పెట్టినవే, పెట్టిన సంగతి మన పడవలకి కూడా చెప్పకుండా, అంత రహస్యంగా. విప్పిన ముక్క పట్టుకెళ్ళి గది పెద్ద ముందు పెడితే ఆయన చదివి, బోర్లించి, "దీనికి జవాబు లేదు" అన్నాడు. జవాబిస్తే శత్రువు వింటాడు, సాయం వెళ్తే శత్రువు చూస్తాడు, అక్కడ మందుపాతరలున్నాయని తెలిసిపోతుంది, వాటి వెనక దాచిన ఓడల సంగతీ తెలిసిపోతుంది. లెక్క సరిగ్గానే ఉంది. లెక్కలో ఎక్కడా తప్పు లేదు. "వెళ్ళి టీ తాగి రా" అన్నాడు గది పెద్ద, మంచి మనసుతోనే. వెళ్ళి టీ తాగాడు. ఆ టీ బాగుంది కూడా, అదే, ఆ ముక్కే ఎవరికీ చెప్పలేనిది, చట్టం సంగతి తర్వాత, ఆ టీ వేడిగా, బాగుంది. తిరిగొచ్చి ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాడు. ఇంకా వస్తోంది. ఈసారి అంకెల్ని చూడలేదు, చేతిని విన్నాడు. చివరి గీత సాగుతోంది.

పొద్దు పొద్దంతా వచ్చింది. మొదట అంకెలు పద్ధతిగా వచ్చాయి. తర్వాత అంకెల్లో తప్పులు దొర్లాయి, నీళ్ళు ఎక్కుతున్నట్టున్నాయి, సంకేతాల పుస్తకం తడిసినట్టుంది. ఆ తర్వాత అంకెలు మానేసి ఉత్త మాటలే పంపడం మొదలుపెట్టాడు, అదే పెద్ద నేరం, దొరికితే జైలు, వాడికి ఆ భయం కూడా లేదు. వింటున్నారా. ఎవరైనా వింటున్నారా. వినేవాడు వింటూనే ఉన్నాడు. పంపే మీట ఆయన కుడిచేతికి జానెడు దూరంలో ఉంది. ఒక్కసారి నొక్కితే చాలు, మాట కూడా అక్కర్లేదు, ఒక్క చుక్క. నొక్కలేదు. గది పెద్ద ఆయన భుజం మీద చెయ్యి వేసి నిలబడి ఉన్నాడు, ఓదార్పుగానో కాపలాగానో. పొద్దు వాలుతుండగా చాలా నెమ్మదిగా, ఒక్కొక్క గీతా బరువెత్తుతున్నట్టు వచ్చింది. తాళంకప్ప బావా. ఉన్నావా. అంతే. మళ్ళీ అదే. ఉన్నావా. ఇంకోసారి సగం వచ్చి ఆగింది. ఆ తర్వాత సముద్రం చప్పుడొక్కటే, అది ఏ భాషా కాదు. ఆయన ఉన్నాడు. అక్కడే ఉన్నాడు. ఈ రోజుకీ ఉన్నాడు.

"ఏవండీ, చలిగా ఉందా, అలా వణుకుతున్నారు?" అంది భార్య. లేదన్నట్టు తల ఊపాడు. దుప్పటి గడ్డం దాకా లాగింది. ఆ చేతులకి ఇప్పటికీ సుద్దముక్క వాసన వస్తున్నట్టే ఉంటుంది ఆయనకి, బడి మానేసి ఎంత కాలమైనా. భూగోళం చెప్పేది. బతుకంతా పిల్లలకి నదులు, గాలులు, సముద్రాల్లో ప్రవాహాలు చెప్పింది. తమ్ముడి ఆచూకీ తెలియలేదని కబురు వచ్చాక, బడిలో చిరిగిన పటం ఒకటి ఇంటికి తెచ్చుకుని, పెన్సిలుతో బాణాలు గీసి, ఈ కాలంలో నీళ్ళు ఇటు పారతాయండీ, పడవ ఇక్కడ విరిగిందనుకుంటే చెక్క పట్టుకున్నవాడు ఈ దీవికి చేరతాడు, ఇక్కడ జాలరులుంటారు అని ఈయనకి బోధించేది. పడవ ఎక్కడ విరిగిందో ఈయనకి అంగుళంతో సహా తెలుసు. ఆవిడ పెన్సిలు తప్పు చోట మొదలయ్యేది. దిద్దకుండా వినడమే ఆయన చేసిన పని. ఊఁ కొట్టాడు. నిజమే, అలా జరిగి ఉండొచ్చు అన్నాడు. అత్తగారు మంచాన పడ్డప్పుడు అందర్నీ బయటికి పంపి అడిగింది. "నాయనా, నువ్వు పెద్దాఫీసులో ఉంటావు. నీకు తెలియకుండా ఉండదు. ఉన్నాడా లేడా, ఆ ఒక్కమాట చెప్పు, ఎవరికీ చెప్పను. చెప్పడానికి నాకింక వ్యవధి కూడా లేదు." చచ్చిపోతున్న ముసలావిణ్ణి ఏ జైల్లో పెడతారు? అది కూడా ఆలోచించాడు. ఆలోచించి, "నాకు తెలీదత్తయ్యా" అన్నాడు. ఆవిడ కళ్ళు మూసుకుని, "నీకు తెలిస్తే చెప్పకుండా ఉంటావా, నాకు తెలుసులే" అని ఆయన చేతినే నిమిరింది. ఆ నిమిరిన చోటు ఇప్పటికీ కాలుతుంది.

ఇంక రేవు. అది తలుచుకోకూడదనుకున్నా దానంతటదే వస్తుంది, ఇప్పుడూ వచ్చింది. యుద్ధం ఆగి, బందీల్ని ఇచ్చిపుచ్చుకున్నప్పుడు ఓడ వస్తోందని తెలిసి ఊరంతా రేవుకి పోయింది, వీళ్ళూ పోయారు. ఆవిడ తమ్ముడి ఫోటో గుండెల మీద పెట్టుకుని నిలబడింది. ఒక్కొక్కళ్ళే దిగుతున్నారు. గడ్డాలు, బొమికలు, వేలాడే చొక్కాలు, అందరూ ఒకే పోలిక. ఆవిడ ఒక్కొక్క మొహాన్నీ పట్టి చూస్తోంది. ఈయన కూడా చూస్తున్నట్టు నటిస్తున్నాడు. నటిస్తూ నటిస్తూ, ఎప్పుడు మొదలైందో ఆయనకే తెలియదు, నిజంగానే వెతకసాగాడు. ఒక అంకె తప్పు చదివానేమో. అది వేరే పడవేమో. చివరి గీత సాగదీసేవాడు వీడొక్కడేనా లోకంలో, తాళంకప్ప అన్న మాట నా చెవి కల్పించుకుందేమో, ఆ పూట నేను భోంచెయ్యలేదు కూడా. పనిలో ఒక్క పొరపాటు లేదని పతకం అందుకున్న మనిషి, ఆ సాయంత్రం రేవులో నిలబడి, జన్మలో ఒక్క పొరపాటైనా చేసి ఉండాలని దేవుడికి మొక్కాడు. పొడుగ్గా ఒకడు దిగితే, "అడుగో!" అని ఈయనే అరిచాడు. ఆవిడ పరుగెత్తింది. వాడు కాదు. ఆవిడ వెనక్కి వచ్చి, ఈయన మొహం చూసి, ఈయన్నే ఓదార్చింది. "పోనీలెండి, ఇంకో ఓడ వస్తుందిట." "వస్తుందిలే" అన్నాడు. రెండో ఓడ రాలేదు. కానీ ఆ రోజు నుంచీ ఆవిడకి ఈయనంటే మరింత ప్రేమ, నా తమ్ముడి కోసం నాకంటే ఎక్కువ తపించిన మనిషి అని చుట్టాలందరితోనూ చెప్పుకునేది. ఆ ప్రేమనే ఇన్నేళ్ళుగా తింటున్నాడు. దొంగసొత్తు తిన్నట్టే ఉంటుంది ప్రతిపూటా.

ఇప్పుడు ఇల్లు. మూడో అంతస్తు, లిఫ్టు లేదు, అద్దె ఇల్లు, గోడలకి చెమ్మ, నీళ్ళు పొద్దున్న ఓసారి వస్తే వచ్చినట్టు. ఎన్నో మంచి ఇళ్ళు వచ్చాయి, కింది అంతస్తువి, ఎండ తగిలేవి. ఆవిడ కదలలేదు. చిన్నోడికి తెలిసిన చిరునామా ఇదే. వాడు వచ్చి తలుపు కొడితే వేరేవాళ్ళు తియ్యకూడదు. ఆపరేషన్ అయ్యాక మెట్లెక్కితే ఈ కవాటం కూడా పోతుందని డాక్టరు గట్టిగా చెప్పాడు. పోయిన వారం దాని మీద పెద్ద గొడవైంది. "మీరు కింద వేరే గది తీసుకుని ఉండండి, నేను రోజూ వచ్చి వండిపెట్టి వెళ్తాను, రాత్రికి మాత్రం పైన ఉంటాను" అంది. జోకేసిందనుకున్నాడు. కాదు. ముసలి వయసులో మొగుడూ పెళ్ళాలు వేరు కాపురాలు పెట్టడం, అదీ సముద్రం అడుగున ఉన్నవాడి కోసం. రాత్రి తలుపుకి తాళం వెయ్యదు ఆవిడ, ఉత్త బోల్టు ఒకటి వేసి, మెలకువగా పడుకుంటుంది. తను ఈ పూట ఆపరేషన్ బల్ల మీదే పోతే, ఆవిడ ఆ మెట్ల పైన ఒంటరిగా, ఎముకలు అరిగిపోయేదాకా, ఎవరూ కొట్టని తలుపు వింటూ ఉండిపోతుంది. రెండు ముక్కలు చెప్తే దిగిపోతుంది. చట్టానికి తను జడిసింది చాలదూ. అయినా చట్టానికేనా జడిసింది? తాళం వేసింది వాళ్ళే, నిజమే, కానీ ఆ తాళం వెనక తనకి హాయిగా లేదూ? ఎవరూ అడగడానికి వీల్లేదు, తను చెప్పడానికి వీల్లేదు, మీటకి చెయ్యి జానెడు దూరంలో ఉందన్న సంగతి ఎవరికీ తెలియడానికి వీల్లేదు. పెట్టె టిక్కు టిక్కుమంది. బయట స్ట్రెచర్ చక్రాల చప్పుడు దగ్గరికి వచ్చి, దాటి వెళ్ళిపోయింది. తర్వాతిది తనదే.

భార్య వంగి ఆయన చెవి దగ్గర అంది. "భయపడకండి. నాకోసం కాకపోయినా చిన్నోడి కోసమైనా తిరిగి రండి. అమ్మ పోయింది, చుట్టాలు పోయారు. వాడి మొహం ఎరిగినవాళ్ళం ఇంక మనిద్దరమే. నాకు చూపు తగ్గిపోతోంది. వాడు ముసలాడై వచ్చి తలుపు కొడితే గుర్తుపట్టడానికి మీరైనా ఉండాలి కదా."

"రాడు" అన్నాడు.

పళ్ళు లేని నోట్లోంచి అది మాటలా రాలేదు, గాలిలా వచ్చింది. "ఏంటండీ?" అంది.

"చిన్నోడు రాడు. ఆ రోజే పోయాడు. మందుపాతర తగిలింది, మనవాళ్ళు పెట్టిందే. నాకు తెలుసు. ఆ రోజు గదిలో నేనే ఉన్నాను."

కుడిపక్క స్టూలు కిర్రుమంది. బూడిదరంగు మసక లేచి నిలబడింది. ఇంతే, అయిపోయింది, ఇన్నేళ్ళు మోసింది సాక్షి ఎదుటే పారబోశాడు, ఇక ఆవిణ్ణి కూడా తీసుకుపోతారు, విన్నందుకు. ఆఫీసు మనిషి పరదా దాకా నడిచాడు. తర్వాత గొంతు సవరించుకుని, ఎవరితోనో అన్నట్టు అన్నాడు. "నాకు డ్యూటీ వేసింది ఆపరేషన్ గది లోపలేనండీ. గుమ్మం ఇవతల నాకేం సంబంధం లేదు. నేను వెళ్ళి ఆ గౌనేదో తొడుక్కుంటాను." పరదా కదిలింది. చెప్పుల చప్పుడు దూరమైంది.

పసుపురంగు మసక కదల్లేదు. ఆవిడ మొహం కనిపించకపోవడం అదృష్టమో శిక్షో ఆయనకి తేలలేదు. కళ్ళజోడు ఆవిడ సంచిలోనే ఉంది. అడగలేదు.

"ఎప్పట్నుంచి తెలుసు?" అంది చివరికి. టీచరు గొంతు, తప్పు చేసిన పిల్లవాణ్ణి అరవకుండా అడిగే గొంతు.

"ఆ పూట నుంచే."

"రేవుకి నాతో వచ్చారు."

"వచ్చాను."

"అడుగో అని అరిచారు."

"అరిచాను. అది… అప్పుడు నిజంగానే అనిపించింది." ఎలా చెప్పాలి అది. చెప్పడానికి ఏ అంకెలూ లేవు.

"అమ్మ అడిగినప్పుడు కూడానా?"

ఆయన తల ఊపాడు. ఆవిడ చెయ్యి మంచం ఇనుప కమ్మీ మీద ఉంది, ఆయన చెయ్యి పక్కనే దుప్పటి మీద ఉంది, ఆ రెండిటి మధ్యా జానెడు దూరం ఉంది, ఆ దూరాన్ని ఆయన చూస్తూ పడుకున్నాడు. లేచి వెళ్ళిపోతుందనుకున్నాడు. వెళ్ళిపోతే బాగుండును. అరిస్తే బాగుండును. ఆవిడ లోపల ఏమేం కూలుతున్నాయో, పటం మీది బాణాలు, జాలరులు, బోల్టు మాత్రం వేసి పడుకున్న రాత్రులు, ఒక్కొక్కటీ కూలుతున్న చప్పుడు ఆయనకి వినిపిస్తున్నట్టే ఉంది. ఆవిడ అడిగింది.

"బాధపడ్డాడా?"

పొద్దు పొద్దంతా. నీళ్ళు ఎక్కుతుంటే. వింటున్నారా. "లేదు" అన్నాడు.

"నిజం చెప్పండి. ఇప్పుడైనా. చాలాసేపు… ఎవరినైనా పిలిచాడా?"

ఇప్పుడైనా. చెప్పడం మొదలుపెట్టింది ఆ మాట కోసమే కదా. గొంతు దాకా వచ్చింది, తాళంకప్ప బావా ఉన్నావా, అంతా ఉంది, ఏ చట్టమూ అడ్డు లేదు, ఆఫీసు మనిషి కూడా లేడు, నోటికి పళ్ళు కూడా లేవు. ఆ మసక మొహం ఆయన మీదికి ఇంకాస్త వంగింది. అందులో కళ్ళెక్కడున్నాయో తెలియకపోయినా అవి అడుక్కుంటున్నాయని తెలిసింది.

"ఎవర్నీ పిలవలేదు. పేలిన క్షణంలోనే అయిపోయింది. వాడికి ఏం జరిగిందో తెలిసే వ్యవధి కూడా లేదు. వెంటనే కబురొచ్చింది మాకు."

"వెంటనే?"

"వెంటనే."

ఆవిడ ఊపిరి వదిలింది. ఇన్నేళ్ళ ఊపిరి. ఏడ్చిందో లేదో ఆయనకి కనిపించలేదు. కాసేపటికి ఆ చేతులు ఆయన వీపు కిందికి వచ్చి ఏదో తడుముకున్నాయి. "గౌను ముడి ఊడింది, పక్కకి తిరగండి" అంది. తిరిగాడు. ముడి గట్టిగా వేసింది, వేసిందాన్ని విప్పి మళ్ళీ వేసింది. "మీతో నేను మాట్లాడాల్సింది చాలా ఉంది. బయటికొచ్చాక మాట్లాడతాను. మెట్లు లేని ఇల్లు చూడమని చెప్తాను" అంది. క్షమించానని అనలేదు. అనకపోవడమే మంచిది, ఆవిడ క్షమించాల్సింది ఆవిడకింకా తెలియదు.

స్ట్రెచర్ కదిలింది. పైన దీపాలు ఒక్కొక్కటే వెనక్కి పోతున్నాయి, చక్రం ఒకటి వంకర, ఏదో కొడుతోంది, ఆయన వినలేదు. అప్పుడు తట్టింది, మెడ మీద చన్నీళ్ళు పోసినట్టు. మత్తు. ఇంకాసేపట్లో మత్తు. పళ్ళు లేని నోరు. దర్జీ కొలతలు. తను లోపల ఆ పొద్దంతా అప్పజెప్తే? ఉన్నావా ఉన్నావా అని వాడి మాటలు వాడి వరసలోనే అరిస్తే? ఇంతకాలం భయం ఒకటే, ఆఫీసు వింటుందేమోనని. ఇప్పుడు ఆఫీసు వింటే వినుగాక, రాసుకుంటే రాసుకోనీ. కానీ ఆ మూల నిలబడి విన్న మనిషి, మెత్తటివాడు, గుమ్మం ఇవతల నాకేం సంబంధం లేదన్నవాడు, తర్వాత బయటికి వెళ్ళి, ఏడుస్తున్న ముసలావిణ్ణి చూసి, జాలిపడి…

ఆపరేషన్ గది చాలా తెల్లగా, చల్లగా ఉంది. చేతులు రెండూ చాచి కట్లు వేశారు. టోపీల్లో, గౌనుల్లో ఎవరెవరో తిరుగుతున్నారు. "ఆఫీసు నుంచి వచ్చినతను ఎక్కడ?" అని అడిగాడు. మూల నుంచి ఒక ఆకుపచ్చ మసక దగ్గరికి వచ్చింది.

"ఇక్కడున్నానండీ."

"బాబూ, నేను మత్తులో ఏమంటానో అది నువ్వు వింటావు."

"విని చెప్పమనే పంపారండీ. పైవాళ్ళకి చెప్తాను. రాసి బీరువాలో పెడతారు. మీరేం కంగారుపడకండి, మీ మీద చర్య ఉండదు."

"నా మీద సంగతి కాదు. మా ఆవిడ అడుగుతుంది. నువ్వు లోపల ఉన్నావని ఆవిడకి తెలుసు. ఏమన్నారు బాబూ మా ఆయన అని తప్పకుండా అడుగుతుంది. ఏడుస్తుంది కూడా."

"చెప్పకూడదండీ. అది మీకు తెలియందేముంది."

"నేను పోయాక అడిగితే?"

"అప్పుడు కూడా చెప్పకూడదండీ."

"జాలిపడతావేమో. ముసలిది, ఒక్కతే."

"జాలిపడితే నన్ను లోపలేస్తారండీ" అన్నాడతను కొంచెం నొచ్చుకుని. "ఎన్నేళ్ళయినా సరే. విన్నందుకు ఆవిణ్ణి కూడా."

"ఆవిణ్ణి కూడా. ఔను, ఆవిణ్ణి కూడా కదా" అన్నాడు ముసలాయన, కొండంత అండ దొరికినట్టు. ఇన్నేళ్ళూ తన గొంతు మీద కాలేసి నిలబడిన చట్టం అది. అత్తగారి మంచం దగ్గర, రేవులో, పటం ముందు, మూడో అంతస్తులో ప్రతి రాత్రీ ఆయన దాన్ని తిట్టుకోని పూట లేదు. చేతులకి కట్లు లేకపోతే ఇప్పుడు దానికి దణ్ణం పెట్టి ఉండేవాడు. ఎవరో మొహం మీదికి మాస్కు తెస్తున్నారు, రబ్బరు వాసన వస్తోంది, గట్టిగా ఊపిరి పీల్చమంటున్నారు. ఆయన తల పక్కకి తిప్పుకుని, "ఏదీ, ఇంకోసారి చెప్పు బాబూ" అన్నాడు.

"ఎవరికీ చెప్పనండీ" అన్నాడతను.

"ఇంకోసారి" అన్నాడు.